బాపు గొట్టం మీది తడి కట్టు

తమ్మీ భూపాల్,

అబిడ్స్ నుంచి రాగానే ఉప్పు తక్కువేసి ఉప్మా చేసుకుని నాంపల్లి దవాఖానకు రా. బాపు లుంగీలు రెండు తీసుకురా. బాపు ఫైలు కోసమే ఇంటికొచ్చాను, అది నేను తీసుకెళ్తున్నాను.

ఈరోజు డయాలిసిస్ మొదలైన అరగంటకే బాపు చలిజ్వరంతో వణికిపోయాడు. అక్కడి టెక్నీషియన్ "ఏసీ చలి గంతే, దుప్పటి కప్పున్రి" అన్నాడు. డయాలిసిస్ కోసం ఛాతీలో గొట్టమున్న మనిషికి జ్వరమొస్తే రక్తపరీక్ష చేయరా అని వార్డంతా వినేలా అరిచాను. అప్పుడుగానీ డాక్టరమ్మ రాలేదు. గొట్టం నుంచి రక్తంలోకి క్రిములు పోయి ఉంటాయట. సాయంత్రం గొట్టం తీసేస్తారు.

కట్టు విప్పితే లోపల చీము, పైన నువ్వంటించిన సెల్లోటేపు! తడపొద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఆదివారం తలస్నానం ఎందుకు చేయించావు? తడిసిన సంగతి నాకు చెప్పకుండా టేపేసి దాస్తావా?

"ఇదెవరు జేసిన్రు?" అని డాక్టరమ్మ గద్దిస్తే బాపు "నేనే జేసుకున్న బిడ్డా" అన్నాడు. చెయ్యి మెడదాకా లేవని మనిషి! నాకు ఒళ్లు మండిపోయింది.

అక్క

ఏడ్చుకుంటూ రాకు, బాపు చూస్తాడు. "తమ్మున్ని ఒక్క మాట గూడ అనకు" అని నాతో ఒట్టు వేయించుకున్నాడు. అందుకే నోటితో అనకుండా రాసి పోతున్నాను.