నాలుగో ట్యూబులో నీలం

నవంబర్ 3, సోమవారం

నాలుగో ట్యూబు మళ్లీ నీలంగా వచ్చింది. మిగతా మూడూ బుద్ధిగా ఉన్నాయి. ఇదొక్కటే మాట వినదు, అచ్చం అన్నయ్యలాగే.

ఆ మట్టి కార్తీక్ అన్నయ్య తీసిందే. యానాం దిగువన, గోదావరి సముద్రంలో కలిసే చోట, తన రీసెర్చ్ కోసం. నాలుగు ట్యూబుల్లో నింపి, ఐస్ బాక్సులో పెట్టి, నేను పనిచేసే ల్యాబుకి బస్సులో వేశాడు. నాలుగోదాని మీద మాత్రం చేత్తో రాశాడు, స్టిక్కర్లు అయిపోయాయి కాబోలు. మర్నాడు మళ్లీ పడవెక్కాడు. ఆగస్టు వరద. పడవ దొరికింది. బాక్సు శంషాబాద్ చేరింది. అన్నయ్య ఇంతవరకూ దొరకలేదు.

నవంబర్ 5

మట్టి మీద నది నీళ్లు పోస్తే, నీళ్లలోని ఫాస్ఫరస్‌ని మట్టి పట్టుకుంటుంది. ఉప్పునీళ్లు తగిలితే వదిలేస్తుంది. నీళ్లలో ఎంత మిగిలిందో రీఏజెంట్ వేసి చూస్తాం. ఎంత ఉంటే అంత నీలం. నాలుగోదాంట్లో మంచినీళ్లే పోశాను. రంగు రాకూడదు.

అటెండర్ ఐలయ్య, అక్కా ఆ ట్యూబు జర పక్కకు వెట్టు, దాన్ని చూస్తె నాకు పరేషాన్ అయితుంది అన్నాడు. నోర్మూసుకుని గ్లాస్‌వేర్ కడగమన్నాను. తర్వాత నాకే భయమేసింది.

నవంబర్ 7, సాయంత్రం

ఇంట్లో మళ్లీ గొడవ. శవం దొరక్కపోయినా దర్భలతో బొమ్మ చేసి కర్మ చేయొచ్చని పురోహితుడు చెప్పాడట. అన్నయ్యకి పెళ్లి కాలేదు, చేయాల్సింది నాన్నే. నా బిడ్డ దాహంతో తిరుగుతున్నాడండీ, నీళ్లో పాలో ఒక్క చుక్క వదలండీ అని అమ్మ బతిమాలింది. నాన్న కంచం తోసేశారు. బతికున్నవాడికి కర్మలేమిటే, మతి పోయిందా అని అరిచారు. అప్పుడే మా తొండుపల్లి మీంచి విమానం వెళ్తోంది. అయినా ఆయన గొంతే వినిపించింది.

నవంబర్ 9, ఆదివారం

ఆదివారాలు ట్యూబుల్లో నీళ్లు మార్చాలి. ల్యాబులో ఎవరూ ఉండరు. నాన్న స్కూటర్ మీద దింపి, నా పని అయ్యేదాకా ట్యూబుల దగ్గరే కూర్చుంటారు. మెషిన్ కాఫీ ఆయనకి గిట్టదు. డికాషన్ వేరే, పాలు వేరే ఫ్లాస్కుల్లో తెచ్చుకుంటారు.

నవంబర్ 10

నీలం. నీళ్లు కొంచెం మసకగా కూడా ఉన్నాయి.

నవంబర్ 14, శుక్రవారం

ఇవాళ రంగే లేదు. మొత్తం మట్టి పీల్చేసుకుంది. సోమవారం నీలం, శుక్రవారానికి ఖాళీ. ఎవరో వచ్చి వెళ్తున్నట్టు. ఊపిరాడకపోతే మట్టి పట్టుకున్నది వదిలేస్తుంది కదా అని ఆక్సిజన్ చూశాను. సరిపడా ఉంది. నాకొచ్చిన సైన్స్ అక్కడితో అయిపోయింది.

అన్నయ్యా, నువ్వేనా?

ఛీ, ఎమ్మెస్సీ చదివినదాన్ని.

నవంబర్ 17

నీలం.

నవంబర్ 23, ఆదివారం

ఫిల్టర్ పేపర్ల కోసం స్టోర్ రూమ్‌కి వెళ్లి తొందరగా వచ్చేశాను. తలుపు అద్దంలోంచి నాన్న కనిపించారు. అన్నయ్య చేతిరాత ఉన్న నాలుగో ట్యూబు మూత తీసి ఉంది. ఆయన అరచేతిలో పాలు. వేళ్ల చివరల నుంచి కాదు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదులుతున్నారు. అలా వదిలేది చనిపోయినవాళ్లకే. పెదాలు కదులుతున్నాయి.

నాన్నకి తెలుసు. మా అందరికంటే ముందే తెలుసు.

ఒళ్లు మండిపోయింది. అక్కడ అమ్మ కాళ్లావేళ్లా పడుతుంటే ఈయన ఇక్కడ దొంగచాటుగానా! ఆ కోపం కూడా ఎంతోసేపు నిలవలేదు. చెప్పులు చప్పుడు చేస్తూ లోపలికి వెళ్లాను. ఆయన చెయ్యి రుమాలుకి తుడుచుకుని, కాఫీ తాగుతావామ్మా అన్నారు. తాగుతానన్నాను. పాలు చాల్లేదు.

నవంబర్ 24

రిపోర్టులో నాలుగోది ఎందుకు కొట్టేశావని మేనేజర్ వీరేందర్ సార్ అడిగాడు. పాలు పడ్డాయన్నాను. గిదేందమ్మా, ల్యాబా చాయ్ హోటలా అని ఎగిరాడు. తిట్లు పడ్డాను. పాలల్లో బోలెడు ఫాస్ఫరస్. అంతే కథ, దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. ఉన్నా బాగుండేదనిపించి బాత్రూంలోకెళ్లి ఏడ్చాను.

పోసిందంతా ప్రతి వారం ఆ మట్టి తీసుకుంది. ఇది రిపోర్టులో రాయను.

నవంబర్ 28

చెప్తే నాన్న తల ఎత్తుకోలేరు. చెప్పకపోతే అమ్మ ఏమైపోతుందో. నాన్నకి చెప్పకుండా ఆదివారం ల్యాబుకి ఆటోలో రమ్మని అమ్మతో అన్నాను. ఎందుకే అంది. ఊరికే అన్నాను.

నవంబర్ 30

తలుపు తోసుకుని వచ్చిన అమ్మను చూసి నాన్న ట్యూబుకి మూత పెట్టబోయారు. అమ్మ ఆయన దగ్గరికి వెళ్లింది. ఫ్లాస్కు అందుకుని ఆయన అరచేతిలో పాలు పోసింది. నాన్న గోత్రం చెప్పారు. కార్తీక్ పేరు చెప్పారు. అమ్మ వైపు చూసి, ఆ పేరు పక్కన, కర్మలో పోయినవాళ్లకి చేర్చే ప్రేతం అన్న మాట పైకే అన్నారు.

మట్టిలోంచి ఒక బుడగ లేచింది. ముగ్గురం చూశాం.