జీను పంపిస్తున్నాను

లా సెనిసా, టెక్సాస్
అక్టోబరు 8, 1936

చిరంజీవి అన్సెల్మోకు మీ అమ్మ ఎవులాలియా దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, పదకొండు మేకలూ, మీ మేనత్త ఫెలీసా. అక్కడ నువ్వూ కులాసాగా ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి చదువుతూ పొయ్యి మీద పాలు మాడబెట్టాను. నువ్వడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. నల్ల మేక ఈనింది, ఒకటే పిల్ల. బావి నీళ్లు ఇంకా ఉప్పగానే ఉన్నాయి. ఊళ్లో ఆ గుర్రపు పోలీసు దళం వాళ్ల కంచు విగ్రహం పెట్టారన్న మాట నిజమే. బడిపిల్లల చేత, అందులోనూ మన మెక్సికన్ పిల్లల చేత, దానికి పూలు వేయించారు. కింద పలక మీద చనిపోయిన దళం వాళ్ల పేర్లు పద్నాలుగు చెక్కారు. వాళ్ల చేతిలో పోయినవాళ్ల పేర్లు చెక్కాలంటే ఆ రాయి చాలదు. ఫెలీసా ఆ కంచు గుర్రం కాళ్ల దగ్గర ఉమ్మేసి వచ్చింది. నేను చర్చికి వెళ్తున్నాను కనక ఊరుకున్నాను.

ఇక నువ్వు ఆ దళంలో చేరే సంగతి. కాలం మారిందనీ, మన భాష వచ్చినవాడు కావాలని వాళ్లే నిన్ను పిలిచారనీ రాశావు. మారారేమో నాకు తెలియదు, నేను వాళ్లను చూసింది ఒక్క పూటే. కెప్టెన్ వాడెల్ నీ భుజం మీద చెయ్యి వేసి, 'మీ నాన్న నాకు తెలుసురా అబ్బాయ్' అన్నాడని పొంగిపోయావు. తెలుసు నాయనా. బాగా తెలుసు. పంతొమ్మిదో తేదీన ప్రమాణమనీ, చేరేవాడు గుర్రమూ జీనూ తనవే తెచ్చుకోవాలనీ, నాన్న జీను పంపమనీ అడిగావు. బండి తోలే తాచో చేత పంపిస్తున్నాను. ఈ ఉత్తరం చదివాకే దాని కట్టు విప్పు.

మీ నాన్న గుర్రం మీంచి పడి పోయాడని నీకు చెప్పాను. అది అబద్ధం. నది ఒడ్డు పొలం అమ్ముకున్నామని చెప్పాను. అదీ అబద్ధమే.

నీకప్పుడు రెండేళ్లు, నా చంకలో ఉన్నావు. ఎండ ఎక్కే వేళకు దళం వాళ్లు ఆరుగురు వాకిట్లోకి వచ్చారు. ముందున్నవాడు వాడెల్, అప్పటికింకా కెప్టెన్ కాలేదు. టోపీ తీసి మంచినీళ్లు అడిగాడు, ఇచ్చాను. వెనక తాడు కట్టి ఒక ఎర్ర ఆవును తెచ్చారు.

"నది దగ్గర దొరికిందమ్మా. మీదేనేమో చూసుకోండి," అన్నాడు మన భాషలోనే, ఎంతో మర్యాదగా.

మన పశువులకు వేసే గుర్తు గీత మీద నెలవంక. మన పక్కనే వేల పశువులున్న తెల్లదొర గుర్తు వట్టి గీత. ఆవు తొడ మీద గీతా ఉంది, నెలవంకా ఉంది. ఆ ఏటి కరువులో మన పశువులు ఏడు తప్పిపోయాయి. ఒకటైనా తిరిగొచ్చిందని నాకు ప్రాణం లేచొచ్చింది.

మీ నాన్న క్రిసాంతో వంగి ఆ గుర్తును వేలితో తడిమాడు. "ఇది మాది కాదయ్యా," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏం మనిషివయ్యా, సొంత ఆవుని పోల్చుకోలేవా? దీని తల్లిని నా చేత్తో పెంచా."

"నువ్వూరుకో, ఎవులాలియా."

"ఎందుకూరుకోవాలి? మాదేనయ్యా ఇది. ఈయనకి అప్పుడే చత్వారం వచ్చేసింది."

ఆరుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. వాడెల్ తనవాళ్ల వైపు తిరిగి, "విన్నారుగా, ఇల్లాలే ఒప్పుకుంది," అన్నాడు.

గీత పాతది, మాని తెల్లబడింది. నెలవంక కాలిన పుండు ఇంకా పచ్చిగానే ఉంది. దొర ఆవు మీద మన గుర్తు వేసి మనదని చెప్పుకుంటే అది దొంగతనం. ఆ నెలవంక కాల్చింది వాళ్లే, దొరకు మన పొలం కావాలి కనక. వేలితో తడమగానే మీ నాన్నకు అంతా తెలిసిపోయింది. నాకు ఆవు తప్ప ఏమీ కనిపించలేదు.

జైలుకు తీసుకెళ్తున్నామని చేతులు వెనక్కి కట్టారు. మీ నాన్న గుర్రం మీది జీను మీ తాత స్వయంగా కుట్టింది. వాడెల్ దాన్ని విప్పి తన గుర్రానికి వేసుకుని, తన పాత జీను మన కంచె మీద పడేశాడు.

"ఊరికే తీసుకోనమ్మా. బదులుగా ఇది ఉంచుకో," అన్నాడు.

అరగంటకు రెండు తుపాకి మోతలు వినిపించాయి. పారిపోబోతుంటే కాల్చామని రాసుకున్నారు, పొలం దొర కలిపేసుకున్నాడు. నేనూ ఫెలీసా వెళ్లేసరికి చేతులు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఫెలీసా నా చేతి రొట్టె ముట్టలేదు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలెందుకని చిన్నప్పుడు అడిగేవాడివి. అందుకు.

మీ నాన్న నాతో అన్న ఆఖరి మాట ఊరుకోమని. ఇరవై ఏళ్లు ఊరుకున్నాను. నీకు గుర్రం ఎక్కడం నేర్పడానికి ఇంట్లో వేరే జీను లేదు. 'నాన్న జీను' అని నువ్వు దాని మీద తల పెట్టి పడుకుంటే చూస్తూ, నన్ను నేను అసహ్యించుకుంటూ బతికాను. ఎడమవైపు పూలు కుట్టిన తోలు అతుకు నీకు గుర్తుందిగా, అది అలంకారం కాదు. దాని కింద వాడెల్ పేరు చెక్కి ఉంది.

నిన్న ఆ కుట్లు విప్పేశాను. అక్షరాలు చెక్కుచెదరలేదు. నూనె రాసి తుడిచాను, దూరం నుంచే చదవొచ్చు. పంతొమ్మిదిన ఆ జీనే వేసుకుని వెళ్లి, గుర్రం ఎడమ పక్క వాడెల్ వైపు ఉండేలా నిలబడు. ఆ తర్వాత ప్రమాణం చేస్తావో, వెనక్కి వస్తావో, మరేం చేస్తావో నేను చెప్పను. నేను నోరు తెరిస్తే ఏమవుతుందో చదివావుగా.

ఇట్లు,
ఆ నోటితోనే నిన్ను దీవిస్తున్న
మీ అమ్మ