బొమ్మల కింద సపోర్టు కర్రలు

గోదావరిఖని

మమతక్కా,

నువ్వు చదవమని ఇచ్చిన బొమ్మల నవల వాపసు పంపుతున్నాను. కోప్పడకు, ప్రతి పేజీలోనూ పెన్సిలు గీతలున్నాయి. అవి నాయిన గీసినవి.

గనిలో పైకప్పు కూలి, తన పక్కనే ఉన్న సదయ్య కాక చనిపోయినప్పటినుంచి నాయినకు సరిగా నిద్ర లేదని నీకు తెలుసు కదా. ఈ నవల నేల కింద నగరం కట్టుకున్న మనుషుల కథ కదా, చదివి వినిపిస్తుంటే పుస్తకం లాక్కున్నాడు.

"కప్పు కింద గిట్ల ఉత్తగనే పండుకుంటరా? ఒక్క సపోర్టు లేకపాయె!" అంటూ పెన్సిలు అందుకున్నాడు.

మేడల పక్కన, వెన్నెల అమ్మే అంగడి పక్కన, నీకిష్టమైన నీలం ఏనుగు పక్కన కూడా, గనిలో కప్పు కూలకుండా ఆనించే లాంటి కర్రలు గీసి నిలబెట్టాడు. చివరి పేజీలో నిద్రపోతున్న రాణికి రెండు వైపులా గీసి, ఆ పేజీ మీదే తల వాల్చి, ఎండ దిగేదాకా పడుకున్నాడు.

లేచాక, నువ్వు చెప్పిన మబ్బుల దేశం సిరీస్ సంగతి చెప్పాను. కిటికీలోంచి చాలాసేపు పైకి చూసి అడిగాడు.

"ఆడ పైన కప్పుండదు గద బిడ్డా?"

ఉండదన్నాను. అన్ని భాగాలూ జల్ది పంపు అక్కా.

నీ చెల్లె