మట్టి తీయించు, నాన్నా

నాన్నా, నేను కులాసా, కాళ్ళ పగుళ్ళు తప్ప.

నీ ఉత్తరం అందింది. ఇన్‌స్పెక్టరు చూడకముందే మన మురుగు గొట్టం మీద మట్టి కప్పేశావట. "ముప్పయ్యేళ్ళ మేస్త్రిని, నా పని ఒకడు చూసేదేంటి? నీ పేరు చెప్పి సంతకం పెట్టించుకుంటాలే" అని రాశావు. చెప్పొద్దు. ఇక్కడ ఆ సంతకం పెట్టేదాన్ని నేనే. గొట్టం వీధి లైనులో కలిసే అతుకు చూశాకే పూడ్చాలన్నది రూలు.

నిన్న ఒక టైలరూ ఇలాగే పూడ్చేసి, "అమ్మతోడు మేడమ్, గట్టిగా అతికించారు" అన్నాడు. తవ్విస్తే గొట్టం వీధి లైనుకు జానెడు ఇవతలే ఆగిపోయి ఉంది, మూతికి గుడ్డపీలికలు కుక్కి! పాపం, అతనికీ తెలియదు. వాడకం మొదలుపెట్టి ఉంటే మురుగంతా పక్కింటి బావిలోకే పోయేది.

అమ్మకు కొత్త కళ్ళజోడు కుదిరిందా? పెరటి తలుపు ఇంకా పట్టేస్తోందా? మట్టి తీయించాక గొయ్యి చుట్టూ తాడు కట్టు, అమ్మ చూసుకోకుండా అడుగేస్తుంది.

వేలెడు వంకర వచ్చిందని కట్టిన గోడ నువ్వే పడగొట్టడం నా కళ్ళతో చూశాను. ఆదివారం వస్తున్నాను. ఆ గోడ వంకర పట్టిచ్చిన నీ పాత రసమట్టమే తెస్తాను. దానికి నువ్వెవరో తెలియదు, నాన్నా.

అమ్మను అడిగానని చెప్పు.
నీ పెద్దది