ఎవరూ తట్టకుండానే మోగే ట్యూబు

అన్నా, బతికుండగానే నీకు తెలుగు చదవడం రాలేదు. అయినా రాస్తున్నాను.

నీ సంవత్సరీకం కదా అని, ఫోన్లోని పాటను స్పీకర్లకు అందించే నీ ట్యూబు డాక్‌ను ఈ ఉదయం ఆన్ చేశాను. అంతకుముందే అందులో, పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు ట్యూబు కొత్తది పెట్టాను. నాదస్వరం నువ్వు కోరుకున్నంత మెత్తగా పలికింది.

పాట ఆపాక స్పీకర్లో సన్నగా గంట మోగింది. కుదుపుకు మోగే ట్యూబు పనికిరాదనేవాడివి. తీసేసి ఇంకోటి పెట్టాను. అదీ మోగింది. పెన్సిలుతో తట్టినా మోగదని చూసి నువ్వు దాచుకున్న మంచి ట్యూబూ మోగింది.

వదిన వంటింట్లోంచి వచ్చింది. "ఏంది అబ్బయా ఆ మోత? యాడనుంచి వస్తా ఉంది?"

నేలమీద అరచెయ్యి ఆనించాను. సన్నగా అదురుతోంది. తప్పు ట్యూబుది కాదు. పక్క స్థలంలో మిషనుతో మన గోడ దాకా పునాది తవ్వుతున్నారు. మన ఇంటికేమీ కాదని వాళ్ల ఇంజినీరు నిన్ననే చెప్పి వెళ్లాడు.

వదినను, పిల్లల్ని నటేశన్ నగర్‌లో వదిన పుట్టింటికి పంపేశాను. ఎదురింటి అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. తవ్వేవాళ్లు మిషను ఆపేసి భోజనానికి వెళ్లారు.

మన కిటికీలోంచి ట్యూబు ఇంకా మోగుతూనే ఉంది.