షమీమ్ సీటుపై నా అభిప్రాయం

మస్తాన్,

నువ్వు పోయాక వచ్చిన మొదటి మిరప సీజను ఇది. ఈరోజు మీ అమ్మాయి షమీమ్ మా ఇంటికి వచ్చింది. కథారచనలో ఎం.ఏ. సీటు వచ్చిందట. చేరాలంటే కోల్డ్ స్టోరేజీలో ఉద్యోగం మానెయ్యాలి. ఆ కోర్సు చదివిన అనుభవజ్ఞుడిగా నన్ను సలహా కోరింది.

సదరు కోర్సు లాభనష్టాలను పరిశీలించాను. లాభమేమంటే, క్లాసులో నా కథలను చివరిదాకా చదివే మనుషులు దొరికారు. హాజరు తప్పనిసరి కనుక. అంతకుముందు నువ్వొక్కడివే, అదీ స్వచ్ఛందంగా. అనవసరమైనది కొట్టెయ్యడం నేర్చుకున్నాను. నష్టమేమంటే, అప్పటినుంచి ఎవరి కథ విన్నా ఏది కొట్టెయ్యాలా అనే చూస్తున్నాను.

అమ్మాయి తన కథ చదివి వినిపించింది. అందులో నువ్వు మిరప యార్డులో టిక్కీ బస్తా మీద కూర్చుని, తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ, ధర తగ్గించిన వ్యాపారిని తిడుతున్నావు. పేజీల తరబడి తిడుతున్నావు.

"చేరమంటావా బాబాయ్?"

"చేరమ్మా. చదివేవాళ్ళు ఊరికే దొరకరు. ఈ కథ మాత్రం క్లాసులో పెట్టకు. తండ్రి పాత్ర ఎక్కువైంది, సగం తీసెయ్యమంటారు."

"ఏం, నీక్కూడా ఎక్కువైందా?"

"నాకు చాల్లేదు," అన్నాను. "మళ్ళీ మొదట్నుంచి చదువు."