మీరాబీ పురుటికి ముందు చేయించాల్సిన పరీక్ష

ఢిల్లీ,
మంగళవారం మధ్యాహ్నం

అమ్మకు షకీలా సలాం.

నువ్వూ నాన్నా కులాసాగా ఉన్నారనుకుంటాను. నాన్న మోకాలి నొప్పి ఎలా ఉంది? పరుపు కుట్టేటప్పుడు నేల మీద కూర్చోవద్దని నా మాటగా చెప్పు. మేం బాగున్నాం. పాపకు ఐదు వారాలు నిండాయి. పాలు బాగా తాగుతోంది, బరువు పెరుగుతోంది. అత్త ఈపూరు నుంచి వచ్చిన దగ్గర్నుంచీ వంట నాకు తప్పింది. ఖాసిం డ్యూటీకి వెళ్తున్నాడు. మా గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. పదకొండైతే గానీ ఎండ రాదు. పాప గుడ్డలు రెండు రోజులకు గానీ ఆరవు. అత్త వాటిని మేడ మీద ఆరేసి, ఎవరన్నా ఎత్తుకుపోతారేమోనని పక్కనే కూర్చుంటుంది. పక్కింటావిడ హిందీలో పలకరిస్తే అత్త తెలుగులోనే జవాబు చెబుతుంది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకుంటారు. గోంగూర దొరకదు. నాకు సెలవు ఇంకా ఉంది. తర్వాత మళ్లీ అదే ఆఫీసు, తెలుగు పేపర్లలో వచ్చిన వార్తలను ఇంగ్లీషులోకి మార్చే పని. వినుకొండలో పన్నెండేళ్లు విలేకరిగా ఎండల్లో తిరిగినదాన్ని, ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఊరి పేరు ఎక్కడన్నా కనపడుతుందేమోనని వెతుక్కుంటున్నాను.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ నువ్వు ఫోన్ స్పీకర్‌లో పెట్టి అరుగు మీద ఉంచుతావు. పరుపులకు వచ్చిన వాళ్లంతా వింటారు. అందుకే రాస్తున్నాను. నిదానంగా, రెండుసార్లు చదువు. ఒక్కదానివే ఉన్నప్పుడు చదువు.

ముందు నా అబద్ధం ఒప్పుకుంటాను. ఆఫీసులో సెలవు ఇవ్వలేదని, అందుకే పురిటికి రాలేకపోతున్నానని చెప్పాను. "ఏమే, తొలికాన్పుకి పుట్టింటికి రాని ఆడపిల్లని ఎక్కడన్నా చూశావా? నలుగురూ నన్నేమనుకుంటారు?" అని నువ్వు రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. సెలవు ఇచ్చారమ్మా. రాకపోవడానికి కారణం వేరే.

ఐదో నెలలో చేసిన రక్తపరీక్షల్లో నాకు హెపటైటిస్ బి ఉందని తేలింది. కాలేయానికి పట్టే వైరస్ అది. నమ్మలేక ఇంకో చోట కూడా చేయించాను. వార్త రాసేటప్పుడు ఇద్దర్ని అడగందే రాయని అలవాటు కదా. రెండో రిపోర్టూ అదే చెప్పింది. నా కళ్లు పచ్చబడలేదు, జ్వరం లేదు, ఆకలి బాగానే ఉంది. ఇది ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా ఉండగలదని డాక్టరమ్మ చెప్పింది. ఆస్పత్రుల వార్తలు ఎన్ని రాశానో లెక్కలేదు. నా రక్తం మాత్రం ఒక్కసారీ చూపించుకోలేదు.

ఆమె చెప్పింది రాస్తాను, జాగ్రత్తగా చదువు. కాన్పు సమయంలో ఇది తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. పసితనంలో వస్తే చాలామందికి జన్మంతా ఉండిపోతుంది, పెద్దయ్యాక కాలేయాన్ని పాడుచేయవచ్చు. కానీ ఆపే దారి ఉంది. బిడ్డ పుట్టగానే, పన్నెండు గంటలు దాటకుండా, రెండు ఇంజెక్షన్లు వేయాలి. ఒకటి టీకా. అది ప్రతి బిడ్డకీ వేసేదే. రెండోది ఇమ్యునోగ్లోబులిన్, అంటే వైరస్‌ని అప్పటికప్పుడు అడ్డుకునే మందు. ఇది అన్ని చోట్లా ఉండదు. ముందే తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టించాలి. నాకు వైరస్ ఎక్కువగా ఉందని ఏడో నెల నుంచి రోజుకో మాత్ర కూడా ఇచ్చారు.

నేను రాకపోవడానికి కారణం ఇదీ. ఇక్కడ నా ఫైలు ఉంది, మందు ఉంది, చూసే డాక్టరు ఉంది. నొప్పులొచ్చే వేళకు నేను రైల్లో ఉండకూడదనుకున్నాను.

పాప ఆదివారం ఉదయం పదింటికి పుట్టింది. అంతకు ముందు రోజు నుంచే ఖాసిం కనపడిన ప్రతి నర్సునీ "ఇంజెక్షన్ ఫ్రిజ్‌లో ఉందా?" అని అడుగుతూ తిరిగాడు. వాళ్లు అతనికి ఫ్రిజ్ భయ్యా అని పేరు పెట్టారు. పాప పుట్టాక అప్పుడే డ్యూటీకి వచ్చిన ఒకామె, ఈరోజు ఆదివారం, టీకాలు రేపు వేస్తారంది. ఖాసిం నా ఫైలు తెరిచి, డాక్టరమ్మ ఎర్ర పెన్నుతో రాసిన పేజీ చూపించి, "రేపు కాదు, ఇప్పుడు. డాక్టరమ్మకి ఫోన్ చేయండి, నేను ఇక్కడే ఉంటా" అన్నాడు. కదల్లేదు. పదకొండు కాకముందే ఒక తొడకు ఒకటి, రెండో తొడకు ఒకటి, రెండూ పడ్డాయి. పాప ఏడ్చిన ఏడుపుకి అత్త ఆ నర్సుని తెలుగులో తిట్టింది. ఆమెకు అర్థం కాలేదు కాబట్టి సరిపోయింది.

మూడో రోజు పాప ఒళ్లు పచ్చబడింది. అత్త నెత్తి కొట్టుకుంది. "వద్దంటే విన్నావా? ఆ సూదుల వల్లే కామెర్లు వచ్చినయ్. మా ఊళ్లో పసరు పోసేవాళ్లు ఉన్నారు, మూడు పొద్దులు పోస్తే చాలు" అంది. డాక్టరమ్మ చూసి, పుట్టిన పిల్లల్లో చాలామందికి ఇలా అవుతుందని, దీనికీ ఆ వైరస్‌కీ సంబంధం లేదని చెప్పింది. వారంలో తగ్గిపోయింది.

అత్త పసరు అనగానే నాకు నువ్వు గుర్తొచ్చావు.

నీ గర్భసంచి ఆపరేషన్ రోజు నీ పక్కన ఉంది నేనే. ఆ రోజు ఐదుగురికి ఆపరేషన్లు. నువ్వు అందరికంటే ముందొచ్చావు. రక్తపరీక్ష కాగితాలు చూసి నిన్ను ఆఖరికి మార్చారు. "ఏందమ్మా, తెల్లారి నుంచి ఆకలితో ఉన్నా, ఆఖరికి పెడితే మీ కత్తి మొద్దుబారదా?" అని నువ్వు నర్సుని అడిగితే వార్డంతా నవ్వారు. నేనూ నవ్వాను. డిశ్చార్జి రోజు డాక్టరు "కామెర్ల వైరస్ ఉంది, తర్వాత చూపించుకోండి" అన్నాడు. ఇంటికొచ్చాక నువ్వు మూడు పొద్దులు పసరు తాగావు, ఉప్పు లేని పత్యం చేశావు, కళ్లు తెల్లగానే ఉన్నాయి కాబట్టి పోయిందన్నావు. నేనూ నాన్నా నమ్మాం. ఈ వైరస్ ఉన్నవాళ్లను ఆపరేషన్‌కి ఆఖరున తీసుకెళ్లే పద్ధతి కొన్ని చోట్ల ఉందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

నాకు తెలిసిందేదో, అనుమానమేదో విడిగా చెబుతాను. నాకు వైరస్ ఉంది, ఇది తెలిసింది. నీ దగ్గర్నుంచి పుట్టుకతో వచ్చిందనేది అనుమానం. నేను పుట్టేనాటికి మన ఊళ్లో ఈ టీకా ఎవరికీ తెలియదు. ఇందులో నీ తప్పు లేదు. నీకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో ఎవరు చెప్పగలరు? కంచంలో కలిసి తిన్నందుకు, ముద్దు పెట్టుకున్నందుకు ఇది రాదు. నా పాలు పాపకు ఇవ్వొచ్చన్నారు, ఇస్తున్నాను.

ఇప్పుడు అసలు విషయం మీరాబీ. చెల్లెలు నీ కడుపునే పుట్టింది. తొమ్మిదో నెల. ఆదివారం మాచర్ల నుంచి నీ దగ్గరికి పురిటికి వస్తోంది. మొన్న ఫోన్‌లో దాని పరీక్షలు ఒక్కొక్కటీ అడిగాను. షుగరు, థైరాయిడ్, అన్నీ అయ్యాయంట. ఈ ఒక్కటి చేసే కిట్టు ఆ రోజు ల్యాబులో లేదన్నారంట. మళ్లీ వెళ్లలేదు. చేయించుకోమంటే "నాకేం రోగం అక్కా, దుక్కలా ఉన్నా" అని నవ్వింది. ఫైలు కూడా అత్తగారింట్లోనే వదిలి వస్తుందంట. నీ సంగతి తెలియకుండా దానికి భయం ఎందుకుంటుంది?

ఈ ఉత్తరం స్పీడ్ పోస్టులో శనివారానికి అందుతుందన్నారు. మీరాబీని ఫైలు తెచ్చుకోమని ఆ రోజే చెప్పు. సోమవారం పొద్దున్నే నర్సరావుపేట తీసుకెళ్లి ఈ పరీక్ష చేయించు. పేరు వేరే కాగితం మీద రాసి పెట్టాను, అది చూపిస్తే చాలు. లేదని వస్తే మంచిదే, బిడ్డకు పుట్టిన రోజే టీకా వేయిస్తే సరిపోతుంది. ఉందని వస్తే, రెండో ఇంజెక్షన్ తెప్పించి పెట్టే ఆస్పత్రిలోనే కాన్పు. మాత్ర కావాలో వద్దో డాక్టరు చెబుతారు. తర్వాత నువ్వూ నాన్నా కూడా చేయించుకోండి. నీకు కాలేయం పరీక్ష కూడా కావాలి. ఈసారి పసరు కాదు.

నీ పాత రిపోర్టు నువ్వు పారేసి ఉండవు. చీటీ ముక్క కూడా దాచే మనిషివి. దూది మూటల వెనక రేకు పెట్టెలో ఉంటుంది. అది తీసి మీరాబీ చేతిలో పెట్టు. నీ నోటితో చెబితే అది వింటుంది. నీకు సిగ్గుగా ఉంటే, నా పేరు చెప్పు, అక్కకు ఉందని చెప్పు, నేనేమీ అనుకోను. ఇద్దరి పేర్లూ చెప్పకపోతే మాత్రం నేనే చెబుతాను. నువ్వు నా మీద కోపం చేసినా సరే.

సోమవారం సాయంత్రం ఆరింటికి ఫోన్ చేస్తాను. పరీక్షకు రక్తం ఇచ్చారా అని ఒక్కటే అడుగుతాను. ఇచ్చారని చెప్పు. ఫలితం స్పీకర్‌లో చెప్పొద్దు.

మా పాపకు ఇంకా మూడు టీకాలు ఉన్నాయి. అవన్నీ అయ్యాక, తొమ్మిదో నెల దాటాక రక్తం తీసి చూస్తారు. అప్పటిదాకా తెలియదు. నేను ఎదురుచూస్తాను. చేయగలిగినవన్నీ వేళకు చేశాను. మీరాబీ బిడ్డకు ఆ వేళ ఇంకా రాలేదు. అందుకే ఈ తొందర.

నాన్నకు సలాం. పాపకు చిన్న బొంత ఒకటి కుట్టి పంపమని చెప్పు, ఢిల్లీ బొంతల్లో దూది కంటే గాలి ఎక్కువని అన్నానని చెబితే రేపే మొదలుపెడతాడు. మెత్తటి పాత చీరలు రెండు, గోంగూర పచ్చడి కూడా. పక్కింటి పిన్నమ్మకు, పెద్దవాళ్లందరికీ మా సలాములు. మా ముగ్గురి కోసం దువా చెయ్యి. మీరాబీ కోసం దువా చేసి, బస్సు కూడా ఎక్కు.

నీ బిడ్డ
షకీలా